కార్తె చుక్కల చావుపుట్టుకలు

తెలుగునాట కార్తెల పేర్లెరుగని సేద్యగాడు లేడు. ఎండలు ముదిరిన కృత్తిక, రోళ్ళు పగులునని పేరుపడిన రోహిణి, తొలకరికై మొగమెత్తి చూచు మృగశిర, నారుమళ్ళకు అదనైన ఆరుద్ర – మే రెండవ వారము మొదలు జూలై మొదటి వారము వరకు గల పల్లెబ్రతుకంతయు ఈ నాలుగు పేర్లలో ఇమిడియున్నది. ఆరుద్ర కార్తెలో తడిసిన నేలపై పట్టుకుచ్చువంటి ఎర్రని పురుగు ప్రాకును; దానికిని ఆరుద్ర పురుగనియే పేరు. అయినను, కార్తె పేరు చెప్పిన నోటివానినే ఆ చుక్కను వ్రేలితో చూపుమన్నచో తడబడును. అందులకు కారణము లేకపోలేదు. సూర్యుడు ఏ నక్షత్రముతో కూడియుండునో ఆ దినములకు ఆ నక్షత్రము పేరు వచ్చినది. రోహిణి కార్తెలో రోహిణి సూర్యునితోపాటు ఉదయించి, పట్టపగలెల్ల ఆకసమున నడచి, సూర్యునితోపాటు అస్తమించును. ఏ చుక్క పేరు ఊరంతయు మారుమ్రోగునో, ఆ దినములలోనే ఆ చుక్క కంటికి కనబడదు.

చూడదలచినవారు ఆరునెలలు ఆగవలెను. పున్నమి చంద్రుడు మృగశిర చెంత నుండుటచేత మార్గశిరమని పేరుపడిన మాసమునను, దాని వెనుకటి పుష్యమునను, వరికోతలై కుప్పలు పడిన చలిరాత్రులలో ఎనిమిది తొమ్మిది గంటల వేళ కళ్ళమున నిలిచి తూర్పు నుండి నడినెత్తి వరకు చూపు సారించినచో, ఈ కార్తె చుక్కలన్నియు ఒక్క వరుసలో అగపడును. నడినెత్తికి చేరువగా, పల్లెలలో పిల్లలకోడి యని పిలుచు కృత్తికల గుంపు. దానికి తూర్పున ఎర్రజీర గల రోహిణి. ఆ దిగువ, సమానమైన ఎడముతో నిలిచిన మూడు చుక్కలు. వానికి ఉత్తరమున కెంపువన్నె ఆర్ద్ర. ఇంకను దిగువ, ఆగ్నేయ దిక్కున, రాత్రి ఆకసమందలి తారలన్నిటిలో మిక్కిలి తేజస్సు గల లుబ్ధకుడు. లుబ్ధకుడనగా వేటగాడు; మూడు చుక్కలు అతడు విడిచిన బాణము; చుట్టునున్న తారల చతురము ఆ బాణము నాటిన మృగము, అని ప్రాచీనుల కల్పన.

కల్పన రమ్యమైనదే. అయితే గడచిన నూరేండ్లలో శాస్త్రజ్ఞులు అదే ఆకసపు తునకలో చదివిన కథ అంతకన్న వింతయైనది. అడవికి పోయినవాడు ఒక్కపూటలో విత్తనము మ్రానగుట చూడలేడు. కాని మొలకను, మొక్కను, మ్రానును, మోడును పక్కపక్కన చూచి వరుస గ్రహించును. తారల విషయమును అట్టిదే. వాని ఆయువు కోట్ల సంవత్సరములు. మానవుని ఆయువు నూరేండ్లు. కాని పుట్టుచున్న తార, పడుచు తార, ముదిసిన తార, చచ్చిన తార – ఈ నాలుగు అవస్థలును కృత్తికకు లుబ్ధకునకు నడుమ గల ఆ కొద్దిపాటి చోటనే కలవు. పాఠశాల ఉపాధ్యాయుడు ఏ పరికరమును లేకుండ, వ్రేలితో చూపుచు, తార బ్రతుకంతయు పిల్లలకు చెప్పగలడు.

మొదట పురిటిల్లు. మూడు చుక్కలకు దక్షిణముగా సన్నని చుక్కలు మరి మూడు వ్రేలాడుచుండును. వానిలో నడిమిది చుక్క కాదు. వెన్నెల లేని రాత్రి నిదానించి చూచినవారికి అది కొంచెము అలికినట్లు, పొగచూరినట్లు తోచును. అది నీహారిక. వెలుగు సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగమున ఒక ఏడు పయనించు దూరమునకు కాంతి సంవత్సరమని పేరు. ఈ నీహారిక 1,300 కాంతి సంవత్సరములకు పైబడిన దూరమున నున్నది. నేటి రాత్రి పిల్లల కంట బడు దాని వెలుగు, వేంగిని తూర్పు చాళుక్యులు ఏలుచున్ననాడు బయలుదేరినది. దాని వెడల్పే ఇరువది కాంతి సంవత్సరములకు మించును. కంటికి కనబడునది బాలతారల వేడికి మెరయుచున్న వాయువు మాత్రమే. దాని వెనుక, కంటికి కనబడని చీకటి మేఘము మరియొకటి కలదు. అసలు పురిటిగది అదియే.

ఆ మేఘము మిక్కిలి చల్లనిది. నీరు గడ్డకట్టు స్థితికి 260 డిగ్రీలు దిగువ. మిక్కిలి పలుచనిది కూడ. భూమిపై ప్రయోగశాలలో గాలినంతయు తోడివేసి ‘శూన్యము’ అని చెప్పుకొను సీసాలో సైతము అంతకన్న పెక్కు రెట్లు పదార్థము మిగిలియుండును. అట్టి పలుచని వస్తువు తారగా ఎట్లు ముద్దగట్టును? 1902లో ఇంగ్లండునకు చెందిన జేమ్స్ జీన్స్ దీనికి లెక్క చూపెను. వాయువునందలి వేడిమి దానిని వెలుపలికి నెట్టును. దాని బరువు దానిని లోపలికి లాగును. మేఘము చల్లబడి, తగినంత పెద్దదైనచో లాగుడుదే పైచేయి యగును. అటుపిమ్మట అది తన బరువు క్రింద తానే కూలును. కూలుచు తునకలగును, ఒక్కొక్క తునక ఒక్కొక్క తార, లేదా తారల జంట. గిరగిర తిరుగుచు కూలుటచేత దాని చుట్టు పళ్ళెమువలె ధూళి పరచుకొనును. గ్రహములు పుట్టునది ఆ పళ్ళెమునుండియే. హబుల్ దూరదర్శిని 1990లలో ఈ నీహారికలోనే అట్టి పళ్ళెములను ఛాయాచిత్రములలో పట్టినది. అచటి తారలలో పెక్కింటి వయస్సు పదిముప్పది లక్షల ఏండ్లకు మించదు. సూర్యుని వయస్సు సుమారు 460 కోట్ల సంవత్సరములనుట జ్ఞాపకమున్నవారికి అది ఎంత పసితనమో తెలియును.

కృత్తికలు అంతకన్న పెద్దవి; వాని వయస్సు పదికోట్ల ఏండ్లకు కొంచెము పైన. కంటికి కనబడునవి ఆరేడైనను, ఒకే మేఘమున ఒక్కమారు పుట్టిన తోబుట్టువులు వేయికి పైగా ఆ గుంపులో కలవు. కుమారస్వామిని పెంచిన ఆరుగురు తల్లులని పురాణమున్నది గాని, తారల లెక్కలో వారింకను పడుచులే.

పుట్టిన తార వెలుగుట ఎట్లు? ఈ ప్రశ్న పందొమ్మిదవ శతాబ్దమున పెద్ద కలహమునే లేపినది. సూర్యుడు బొగ్గు కుంపటియైనచో కొన్నివేల ఏండ్లలో బూడిద కావలెను. లార్డ్ కెల్విన్ మరియొక మార్గము చెప్పెను: సూర్యుడు మెల్లమెల్లగా కుంచించుకొనుచున్నాడు, ఆ కుంచించుకొనుటలో వేడి పుట్టుచున్నది. ఆ లెక్కన ఆయువు రెండు మొదలు నాలుగు కోట్ల సంవత్సరములు మాత్రమే. రాళ్ళ పొరలను చదివిన భూగర్భ శాస్త్రజ్ఞులకును, జీవజాతుల పరిణామమును చెప్పిన డార్విను పక్షమువారికిని ఆ కాలము ఏమాత్రము చాలలేదు. కెల్విన్ గణితమున తప్పులేదు. ఆయన ఎరుగని నిప్పు వేరొకటి ఉన్నది.

ఆ నిప్పు జాడను 1920లో ఆర్థర్ ఎడింగ్టన్ కార్డిఫ్ నగరపు సభలో సూచించెను. నాలుగు ఉదజని పరమాణువులు కూడి ఒక హీలియము పరమాణువైనచో, నాలుగింటి మొత్తము బరువుకన్న హీలియము బరువు నూటికి ఒక పాలుకంటె కొంచెము తక్కువగా తరుగునని ఆస్టన్ అను ఆయన అప్పుడే తూచి చూపియుండెను. తరిగిన బరువు ఏమయ్యెను? వెలుగయ్యెను. ఐన్‌స్టీన్ సమీకరణము చొప్పున ఆ తరుగుదల చాలును, సూర్యుడు వందలకోట్ల ఏండ్లు వెలుగుటకు. కాని దీనికొక అడ్డు. సూర్యునియందు ఉదజని అంత విస్తారముగా ఉండవలెను గదా! ఆనాటి పండితుల నమ్మకము వేరు. సూర్యుని వర్ణపటమున ఇనుము మొదలగు లోహముల గీతలు దట్టముగా నున్నవి గనుక, సూర్యుడును భూమియు ఒకే మట్టితో చేసినవని వారు తలంచిరి.

ఆ నమ్మకమును కూల్చిన పనిముట్టు కలకత్తాలో తయారైనది. మేఘనాద్ సాహా 1920లో ప్రకటించిన సమీకరణము, వేడిమినిబట్టి పరమాణువు తన ఎలక్ట్రానులను ఎంతవరకు కోల్పోవునో చెప్పును. గీత సన్నగా నున్నంత మాత్రమున వస్తువు కొద్దిగా నున్నదని కాదు. ఆ వేడిమిలో దాని పరమాణువులలో స్వల్పభాగమే ఆ గీతను గీయగలవు. ఈ సూత్రమును చేతబట్టి హార్వర్డునందలి వర్ణపటముల రాశిని తరచి చూచినది సెసీలియా పేన్ అను ఇరువదియైదేండ్ల యువతి. ఇంగ్లండున పుట్టి, కేంబ్రిడ్జిలో చదివియు స్త్రీ యగుటచే అచట పట్టము పొందజాలక, 1923లో అమెరికాకు వచ్చినది. 1925 నాటి ఆమె సిద్ధాంత వ్యాసమున తేలిన లెక్క ఇది: లోహములకన్న ఉదజని సుమారు పదిలక్షల రెట్లు. తారలన్నియు ముఖ్యముగా ఉదజని, దాని పిదప హీలియము. తక్కినవన్నియు కూరలో ఉప్పుపాటి.

ఆ వ్యాసము ప్రిన్‌స్టన్ పండితుడు హెన్రీ నారిస్ రస్సెల్ దృష్టికి పోయెను. ఇది అసంభవమని ఆయన తీర్పు. ఉద్యోగమింకను దొరకని విద్యార్థిని, ఆ రంగమున తలమానికమైన పెద్దను కాదనుట ఎట్లు? తన లెక్కలను తీసివేయలేదు గాని, ఆ ఫలితము వాస్తవము కాకపోవచ్చునని ఆమె తన వ్యాసమునందే వ్రాయవలసివచ్చెను. నాలుగేండ్లు గడచిన పిదప, 1929లో, రస్సెల్ వేరొక దారిని నడచి అచటికే చేరెను. ఆమె పని ఆయన పేర్కొన్నమాట నిజమే. అయినను చాలకాలము ఆ కీర్తి ఆయన పేరనే చెల్లెను. హార్వర్డు ఆమెకు ఆచార్యపదవి నిచ్చుటకు 1956 వరకు పట్టినది. తారలు దేనితో చేసినవో మొదట ఎరిగిన మనిషికి ఆ విషయము ధైర్యముగా చెప్పుకొను అవకాశము లేకపోయెననుట శాస్త్రచరిత్రలో ముచ్చటపడదగిన ఘట్టము కాదు.

ఉదజని హీలియమగు వరుస క్రమమును 1938, 1939లలో హాన్స్ బేతే నిరూపించెను. నేటి లెక్క ప్రకారము సూర్యగర్భమున వేడిమి కోటిన్నర డిగ్రీలు. అచట సెకను సెకనుకు సుమారు 60 కోట్ల టన్నుల ఉదజని హీలియముగా మారును; అందులో 40 లక్షల టన్నులకు మించిన పదార్థము వెలుగై వెలువడును. ఇంత వ్యయము చేయుచున్నను సూర్యుని నిధి మొత్తము వేయికోట్ల ఏండ్లకు సరిపోవును; సగము గడచినది. ఈ నడిమి కాలమంతయు తారకు నెమ్మది కాలము. లోపలి వేడిమి వెలుపలికి నెట్టును, బరువు లోపలికి లాగును. రెండును సమానబలములై ఒకదానినొకటి పట్టియుంచును.

ఇచటనే ఒక విచిత్రము. ఎక్కువ ఇంధనము గల తార ఎక్కువకాలము బ్రతుకదు. బరువు హెచ్చిన కొలది గర్భమున ఒత్తిడియు వేడియు హెచ్చి, నిప్పు విపరీతముగా మండును. తాతలనాటి ఆస్తిని రెండేండ్లలో తగులబెట్టిన జమీందారు కొడుకువలె పెద్దతార తన సొత్తును దూబరాచేసి పోవును. సూర్యునికి రెండింతల బరువు గల లుబ్ధకుని ఆయువు సుమారు నూరుకోట్ల ఏండ్లు. పదిహేనింతలకు మించిన ఆర్ద్రకు కోటి ఏండ్ల పాటి. సూర్యునిలో పదవవంతు బరువు గల ఎర్రని చిన్నతారలో, లక్షలకోట్ల ఏండ్లు మినుకుమినుకుమనుచు బ్రతుకును. విశ్వము వయస్సే 1,380 కోట్లు గనుక, ఆ జాతిలో వయసు తీరి చచ్చిన తార ఇంతవరకు ఒకటియు లేదు.

ముసలితనమెట్లుండునో తెలియుటకు రోహిణిని చూడవలెను. గర్భమున ఉదజని అయిపోయినది. పొయ్యి ఆరిన గర్భము కుంచించుకొని మరింత వేడెక్కెను. ఆ వేడికి పైపొరలు ఉబ్బి, ఉబ్బినకొలది చల్లబడి ఎర్రనయ్యెను. బరువు సూర్యునికన్న కొంచెమే ఎక్కువైనను, రోహిణి వెడల్పు నేడు సూర్యునికి నలుబది నాలుగింతలు. 65 కాంతి సంవత్సరముల దూరమున కనబడుచున్న ఆ ఎర్రచుక్క మన సూర్యుని భావిజాతకము. సుమారు ఐదువందల కోట్ల ఏండ్లకు సూర్యుడును అట్లే ఉబ్బి బుధుని, శుక్రుని మ్రింగును. భూమి సంగతి సందిగ్ధము. దాని గతి ఏమైనను, అంతకు చాలముందే, నూరుకోట్ల ఏండ్ల ప్రాంతమున, మెల్లమెల్లగా హెచ్చుచున్న సూర్యుని వేడికి సముద్రములు ఇగిరిపోవును.

ఉబ్బిన పైపొరలు తుదకు పొగవలె విడిపోవును. మిగులునది గర్భము మాత్రమే. అట్టి శవము లుబ్ధకుని పక్కనే కలదు. అయితే కంటికి కనబడదు. 1844లో బెసెల్ అను జర్మను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు, లుబ్ధకుడు తిన్నగా నడువక ఏదో కనబడని దానితో చేయిపట్టుకొని తిరుగుచున్నట్లు తూలుచున్నాడని కనిపెట్టెను. 1862 జనవరిలో అమెరికాలో ఆల్వన్ క్లార్క్ అను పనివాడు తాము క్రొత్తగా సానబట్టిన కటకమును పరీక్షించుటకు లుబ్ధకునివైపు త్రిప్పగా, ఆ కాంతిలో మునిగియున్న చిన్నచుక్క కనబడెను. 1915లో ఆడమ్స్ దాని వర్ణపటమును తీయగా అందరును నివ్వెరపడిరి. అది చల్లారిన చుక్క కాదు. తెల్లని వేడి గలది. అంత వేడి గలదై అంత మసకగా నుండవలెనన్నచో దాని పరిమాణము మిక్కిలి చిన్నదై యుండవలెను. బరువు సూర్యునంత, పరిమాణము భూమియంత! అందలి కందిగింజంత పదార్థము రెండుమూడు బస్తాల ధాన్యము బరువు తూగును. దీనికి శ్వేతకుబ్జమని పేరు. ఒకప్పుడు ఇదియే లుబ్ధకునికి అన్నగారు. సూర్యునికి ఐదింతల బరువుతో పుట్టి, వేగముగా మండి, నాలుగుపాళ్ళు ఆకసమున పారబోసి, తమ్మునికన్న ముందే కాలముచేసెను.

నిప్పు ఆరిన పిదప దానిని నిలబెట్టుచున్నదేమి? బరువు లాగుచునే యున్నది, ఎదుర్కొనుటకు వేడిమి లేదు. 1926లో కేంబ్రిడ్జిలో ఫౌలర్ సమాధానము చెప్పెను. ఒకే స్థితిలో రెండు ఎలక్ట్రానులు ఇమడవు. ఎంత అదిమినను అవి మరింత వేగము పుంజుకొని ఎదురుతిరుగును. ఆ ఎదురుబాటు వేడిమిపై ఆధారపడదు గనుక ఎన్నటికిని తరగదు. ప్రతి తారకును ఈ విధముగా ప్రశాంతమైన అంత్యము సిద్ధమైయున్నదని అందరును ఊపిరి పీల్చుకొనిరి.

1930 జూలై 31వ తేదీన బొంబాయి రేవున ఇటలీకి పోవు ఓడ నెక్కిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌కు అప్పటికి పందొమ్మిదేండ్లు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువు ముగించి ఫౌలర్ వద్ద పరిశోధన చేయబోవుచుండెను. సి. వి. రామన్‌కు అన్నకొడుకు. ఆయన పితామహుడు, ఆ పేరే గల చంద్రశేఖరయ్యరు, విశాఖపట్టణమున ఎ. వి. ఎన్. కళాశాలలో గణితమును భౌతికశాస్త్రమును బోధించిన ఉపాధ్యాయుడు. ఓడపై దినములు గడచుట కష్టము. ఆ తీరికలో యువకుడు ఫౌలర్ లెక్కను మరల వేయనారంభించెను. ఒక చిన్న సందేహము ఆయనకు కలిగెను. శ్వేతకుబ్జపు గర్భమున ఎలక్ట్రానుల వేగము కాంతివేగమునకు చేరువగును గదా. అట్లయినచో ఐన్‌స్టీన్ సాపేక్షతను లెక్కలో చేర్చవలదా? చేర్చెను. చేర్చగానే ఒక హద్దు బయటపడెను. ఎలక్ట్రాను కాంతివేగమును దాటలేదు గనుక, బరువు హెచ్చినకొలది దాని ఎదురుబాటు అదే మోతాదున హెచ్చలేదు. సూర్యునికి సుమారు 1.4 రెట్ల బరువు దాటిన శవమును ఎలక్ట్రానులు మోయజాలవు. అది కూలును. ఎచట ఆగునో ఆ సమీకరణము చెప్పలేదు.

ఆ లెక్కను నాలుగేండ్లపాటు చిత్రికపట్టి, 1935 జనవరి 11వ తేదీన లండనునందలి రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభలో చంద్రశేఖర్ చదివెను. ఆయన ప్రసంగము ముగియగానే లేచినవాడు ఎడింగ్టన్. అంతకుముందు మాసములలో ఈ యువకుని గదికి తరచు వచ్చి, లెక్కలు ఎంతవరకు వచ్చెనని చూచిపోవుచుండిన వ్యక్తియే ఆయన. తన అభ్యంతరమును ఒక్కమారును నోట వెడలనీయలేదు. నిండుసభలో మాత్రము, ఈ పద్ధతియే తప్పు, తార ఇంత అసంబద్ధముగా ప్రవర్తింపకుండ అడ్డగించు నియమమేదో ప్రకృతిలో ఉండితీరవలెను, అని పరిహసించెను. సభ నవ్వెను. ప్రత్యుత్తరమునకు యువకునికి అవకాశమీయలేదు.

ఇందు మరింత చిత్రమేమనగా, ఆ సమీకరణము ఎచటికి కొనిపోవునో సభలో అందరికన్న స్పష్టముగా చూచినవాడు ఎడింగ్టనే. తార కుంచించుకొనుచు కుంచించుకొనుచు, తుదకు తన వెలుగును సైతము తననుండి పోనీయని స్థితికి చేరునని ఆయనే చెప్పెను. నేడు కృష్ణబిలమని పిలుచుచున్నది దానినే. కన్ను చూచినదానిని మనసు ఒప్పుకొనలేదు. కోపెన్‌హాగెన్ పండితులు, పౌలీ మొదలగువారు చంద్రశేఖర్‌దే సరియని లోలోపల చెప్పిరి. బహిరంగముగా నిలిచి చెప్పుటకు ముందుకు రాలేదు. 1937లో ఆయన అమెరికాకు పోయి షికాగో విశ్వవిద్యాలయమున స్థిరపడెను. 1939లో తారల నిర్మాణముపై గ్రంథము వ్రాసి, ఆ విషయమును అంతటితో కట్టిపెట్టి వేరు విషయములకు మరలెను. నోబెల్ బహుమానము 1983లో వచ్చెను. ఓడ ఎక్కిన నాటికి ఏబదిమూడేండ్ల పిదప. ఎడింగ్టన్ శతజయంతికి 1982లో కేంబ్రిడ్జిలో ఉపన్యసించుచు, తన కాలపు ఖగోళ భౌతికజ్ఞులలో అగ్రగణ్యుడని ఆయనను కొనియాడినదియు ఈ చంద్రశేఖరే. పగను మోసినవాని మాట కాదది.

హద్దు దాటిన తార ఏమగునో ఆర్ద్ర చెప్పును. సూర్యుని స్థానమున దానిని నిలిపినచో భూమిని, అంగారకుని దాటి దాని ఒడలు వ్యాపించును. ఎనిమిది సూర్యుల బరువుకు లోబడిన తారలు చాలవరకు పదార్థమును పారబోసి శ్వేతకుబ్జములుగా బయటపడును. ఆర్ద్రకు ఆ దారి లేదు. అట్టి తారలో ఉదజని తరువాత హీలియము, దాని తరువాత కర్బనము, ఆమ్లజని, సిలికాను – ఒకదాని బూడిద మరియొకదానికి కట్టెయగును. ఒక్కొక్క మెట్టునకు కాలము తరిగిపోవును. ఉదజని కోటి ఏండ్లు. హీలియము పదిలక్షల పాటి. కర్బనము కొన్ని వందలు, వేలు. తుదిదైన సిలికాను కొలదిదినములు. మిగులునది ఇనుము. ఇనుమును మండించి వేడి రాబట్టుట ఏ తారకును సాధ్యము కాదు. ఇనుపగర్భము చంద్రశేఖర్ హద్దును దాటిన మరుక్షణము, సెకనులో కొంతభాగములో, భూమియంత గోళము ఒక పట్టణమంతకు కూలును. ఎలక్ట్రానులు ప్రోటానులలో కలిసి న్యూట్రానులగును. ఆ తాకిడికి పైపొరలన్నియు ప్రేలిపోవును. అది సూపర్నోవా.

ఆ ప్రేలుడు గుర్తును కార్తె చుక్కల నడుమనే ఉన్నది. రోహిణి యున్న వృషభము కొమ్ముకొన చెంత 1054 జూలై 4వ తేదీన క్రొత్త చుక్క పుట్టినట్లు చీనాదేశపు రాజజ్యోతిష్కులు వ్రాసియుంచిరి. ఇరువదిమూడు దినములు పట్టపగలు కనబడినది. రాత్రులలో రెండేండ్లకు కొంచెము తక్కువ నిలిచినది. ఆ యేడు రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుడు రాజ్యమేలుచుండెను. వానమబ్బులు అడ్డురాకున్నచో, వేకువను గోదావరికి దిగినవారి కంట తూర్పున ఆ తార పడియేయుండవలెను. దూరదర్శినితో చూచినచో నేడచట చిందరవందరగా వ్యాపించుచున్న వాయువు మాత్రమే కలదు. 1967లో జోసెలిన్ బెల్ అను పరిశోధక విద్యార్థిని గడియారమువలె తప్పని రేడియో స్పందనలను మొదటిసారి కనిపెట్టెను. మరుసటియేడు ఈ వాయువు నడుమ సెకనుకు ముప్పదిమార్లు తిరుగుచున్న అట్టిది దొరకెను. అదియే 1054లో కూలిన గర్భము. వెడల్పు ఇరువది కిలోమీటర్ల పాటి. కందిగింజంత పదార్థమునకు కోట్ల టన్నుల బరువు. న్యూట్రానులును మోయజాలనంత బరువైనచో ఇక ఆగుట లేదు. ఎడింగ్టన్ చూచి కాదన్న బిలమే గతి.

ప్రేలినది వ్యర్థముగా పోదు. తార జీవితకాలమున వండిన కర్బనము, ఆమ్లజని, ఇనుము ఆకసమున చెదరి చల్లని మేఘములలో కలియును. వానినుండి మరల తారలు పుట్టును. 1957లో మార్గరెట్ బర్బిడ్జ్, జెఫ్రీ బర్బిడ్జ్, ఫౌలర్, హాయిల్ అను నలుగురు (ఈ ఫౌలర్ వేరు, అమెరికావాడు, 1983 నోబెల్‌ను చంద్రశేఖర్‌తో పంచుకొన్నవాడు) ఏ ధాతువు ఏ పొయ్యిమీద పుట్టునో విడమరచి వ్రాసిరి. నాగటికర్రు నందలి ఇనుమును, దున్నువాని నెత్తుటియందలి ఇనుమును సూర్యునికన్న ముందు చచ్చిన తారల సొత్తు. బంగారము పుట్టుటకు రెండు న్యూట్రాను తారలు ఢీకొనుట ఒక మార్గమని 2017లో అట్టి ఢీని గమనించిన పిదప తేటపడెను.

లోపలి గర్భము కూలుట నిజమనుటకు సాక్ష్యము 1987 ఫిబ్రవరి 23వ తేదీన దొరకెను. మన పాలపుంతకు పొరుగుననున్న చిన్న తారామండలములో ఒక తార ప్రేలెను. వెలుగు కనబడుటకు సుమారు మూడు గంటల ముందు జపానులోని కమియోకా గనిలోను, అమెరికాలోని ఒక ఉప్పుగనిలోను, సోవియట్ దేశమున బక్సాన్ సొరంగములోను అమర్చిన యంత్రములు మూడును కలిసి రెండు డజన్ల న్యూట్రినోలను పట్టెను. వేనిని తాకకయే భూమినంతటిని చొచ్చిపోవు ఆ కణములు, తార పైపొర ప్రేలక ముందే గర్భము వీడి వచ్చినవి.

2019 చివర ఆర్ద్ర మసకబారనారంభించి, 2020 ఫిబ్రవరి నాటికి తన మామూలు వెలుగులో మూడవవంతు ప్రాంతమునకు దిగెను. కాలము తీరినదేమో యని లోకమంతటను దూరదర్శినులు దానివైపు తిరిగెను. అది మరణము కాదు. తార విడిచిన వాయువు చల్లబడి ధూళియై ముఖమునకు అడ్డుపడినది. వెలుగు మరల హెచ్చెను. ప్రేలుటకు లక్ష ఏండ్లు పట్టవచ్చును, అంతకు ముందే కావచ్చును. ప్రేలిననాడు సగము చంద్రుని పాటి కాంతితో కొన్ని మాసములు పగలును కనబడును; అంత దూరమునుండి భూమికి హాని లేదు. ఆర్ద్ర దూరము ఐదువందల కాంతి సంవత్సరములకు పైబడినది గనుక, శ్రీకృష్ణదేవరాయల నాట అది ప్రేలియుండినను ఆ వార్త ఇంకను దారిలోనే యుండును. వచ్చునప్పుడు మొదట న్యూట్రినోలు వచ్చును. వాని రాకను గుర్తించి వెంటనే దూరదర్శినులకు కబురుచేయుటకు పలుదేశముల యంత్రములను ఇప్పటికే ఒకదానితో నొకటి ముడిపెట్టియుంచిరి. వెలుగు ఆ తరువాత కొన్ని గంటలకు.